తలకాడ సామాన్లు

ఏప్రిల్ రెండో వారంలో నా ఉద్యోగం మూడోసారి వాయిదా పడింది. "మీ ఉత్సాహానికి కృతజ్ఞతలు, కొద్ది నెలలు ఓపిక పట్టండి" అని కంపెనీ మెయిల్ పెట్టింది. నాకున్నది ఉత్సాహం కాదు. హాస్టల్ ఖాళీ చెయ్యమన్నారు, అంతే. అనంతపురంలో నాలుగేళ్లు చదివిన కంప్యూటర్ సైన్సు, రెండు బ్యాగులు, ఒక టేబుల్ ఫ్యాను మోసుకుని, వజ్రకరూరు దాటి పది కిలోమీటర్లున్న మా ఊరికి వచ్చి పడ్డాను.

ఎండాకాలం మా ఊళ్లో చెయ్యడానికి ఏమీ ఉండదు. మా నాయన ఇమ్మానుయేల్‌కి మాత్రం ఆ ఏడు పని దొరికింది. గుట్ట అవతల సోలారు ప్లాంటు కడుతున్నారు, వాళ్లకు ట్రాక్టరుతో రాళ్లు తోలుతున్నాడు. మా అవ్వ ఎస్తేరమ్మకు పని దొరకాల్సిన అవసరమే లేదు. ఆమె నన్ను పొద్దున్నుంచి సాయంత్రం దాకా చూడటమే పనిగా పెట్టుకుంది.

"ఏమ్మే, ఆ ఫోన్లో ఏముండాదని అంత సేపు చూస్తావు?"

ఉన్నది జియోకాషింగ్. బెంగళూరులో ఉండే నా స్నేహితురాలు శశి అంటించిన పిచ్చి. ప్రపంచమంతా ఎవరెవరో చిన్న చిన్న డబ్బాలు దాచి, అవి ఉన్న చోటు అక్షాంశ రేఖాంశాలు యాప్‌లో పెడతారు. మనం ఫోను పట్టుకుని వెతకాలి. దొరికితే లోపలున్న పుస్తకంలో సంతకం చేసి, మళ్లీ అక్కడే దాచాలి. బహుమతి ఏమీ లేదు. ఉద్యోగం రానివాళ్లకు సరిగ్గా సరిపోయే ఆట.

మా ఊరి చుట్టూ మ్యాప్ బోడిగా ఉంది. అనంతపురం వైపు నాలుగు చుక్కలు, బళ్లారి వైపు రెండు. మధ్యలో ఒకే ఒక్క ఆకుపచ్చ చుక్క, మా ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో. దొరల గోరీల దగ్గర.

గుట్ట వాలులో నడుమెత్తు రాతిగోడ, దాని లోపల పదకొండు గోరీలు. నూటయాభై ఏళ్ల కిందట పెద్ద కరువులో గంజి పొయ్యడానికి వచ్చిన దొరలు, వాళ్ల ఆడవాళ్లు, పిల్లలు. ఒక చిన్న రాయి మీద 'ఎడిత్, మూడేళ్ల రెండు నెలలు' అని ఇంగ్లీషులో చెక్కి ఉంటుంది. గోడ బయట మావాళ్లు. దొరల దగ్గర పని చేసి, దొరల దేవుణ్ణి నమ్మి, చచ్చాక దొరల గోడ దాకా మాత్రమే రాగలిగినవాళ్లు. రోడ్డు పక్కన కొత్త శ్మశానం వచ్చాక ఇక్కడ ఎవరినీ పూడ్చలేదు. చివరగా పూడ్చింది మా తాతను. అప్పటికి నేను పుట్టలేదు. గోడ బయట అప్పుడు నాకు కనిపించింది ఎండుగడ్డి, రాళ్ల కుప్పలు, తుప్పు పట్టిన చెత్త.

డబ్బా గోడ సందులోనే దొరికింది. లోపల పుస్తకంలో ఏడు సంతకాలు. ఒకడు జర్మనీవాడు. ప్రతి సంతకం కింద ఒక నల్లటి వేలిముద్ర.

"దొరికిందా పాపా?"

వెనక ఆదెప్ప తాత, ఆయన వెనక తొమ్మిది మేకలు. ఎనభై దాటిన మనిషి. ఒకప్పుడు ఊళ్లో గుంతలు తవ్వింది ఆయనే.

"ఈ డబ్బా నీకు తెలుసా తాతా?"

"తెలీకేమి? ఎవురో వస్తారు, తల వంచుకోని తిరుగుతారు, డబ్బా తీసి నవ్వుకుంటారు, పోతారు. మొదట వజ్రాలు ఎతికేటోళ్లు అనుకుంటి. వానలకే కదా వజ్రాలు పైకి తేలేది, వానలు పడకముందే వచ్చే పిచ్చి నాయాళ్లు ఎవురప్పా అనుకుంటి."

"ఈ వేలిముద్రలు?"

"నావే. దారిన పోయేటోళ్లంతా సంతకం పెడ్తాండారు, దినామూ ఈడుండేటోన్ని నేను పెట్టకుంటే ఏం బాగుంటాది? బీడీ మసితో ఏసినా."

ఎనిమిదో సంతకం నాది. దాని కింద ఆయన అక్కడికక్కడే వేలిముద్ర వేశాడు.

మే మొదటి వారంలో సర్వేయర్ వచ్చాడు. పేరు రవికుమార్, నాకంటే నాలుగేళ్లు పెద్ద ఉంటాడేమో. భూముల రీసర్వేకి డ్రోన్‌తో తీసిన ఫోటోను చర్చి అరుగు మీద పరిచి, పెన్నుతో చూపించాడు.

"ఇదిగో గోడ. లోపల పదకొండు సమాధులు కనిపిస్తాండాయి. అవి రాసుకున్నా. గోడ బయట ఏమీ లేదు, రాళ్లు."

అవ్వ వంగి చూసింది. "రాళ్లు కాదప్పా, మనుషులు. మా ఆయప్ప ఆడ ఉండాడు. మా అత్త ఉండాది. నూరు మందికి పైన ఉండారు."

"పేర్లున్న రాళ్లు ఏమన్నా ఉండాయా అవ్వా?"

"మాకు పేర్లు చెక్కేదెవురు? మా వాడలో చదువొచ్చినోడు ఒకడు లేకపాయ. నువ్వు ఆడికి రా, ఒక్కొక్కరినీ నేను చూపిస్తా."

అతను మర్యాదగానే చెప్పాడు. జూన్ ఆరో తేదీ స్థలం చూడ్డానికి వస్తాడు. అవి సమాధులేనని కండ్లకు కనిపిస్తే శ్మశానం అని రాస్తాడు. లేకుంటే ఖాళీ పోరంబోకు. చుట్టూ ఉన్నదంతా సోలారుకు పోయింది, ఇదీ దాంట్లో కలుస్తుంది.

ఆ సాయంత్రం అవ్వ తినకుండా కూర్చుంది. "నేను పోయేది ఆడికే, మీ తాత పక్కకే. రోడ్డు పక్కన ఆ కొత్తదాంట్లో లారీల మోతకు నాకు నిద్ర పట్టదు."

నాయన ముద్ద కలుపుతూ అన్నాడు, "అమ్మా, పనిచ్చినోళ్ల మీదికే పోతే రేపు ట్రాక్టరు యాడ తోలేది?"

"మీ నాయన మీద తోలు."

నాయన మిగతా సంకటి తలెత్తకుండా తిన్నాడు.

నాకు మాత్రం సర్వేయర్ మాట ఒక్కటే బుర్రలో తిరిగింది. కండ్లకు కనిపించాలి. అంటే ఏం చెయ్యాలి? శుభ్రం చెయ్యాలి! ఈ తెలివి ఎవరి దగ్గరా అరువు తెచ్చుకోలేదు, పూర్తిగా నాదే. అవ్వ నాలుగు వారాలు కణేకల్‌లో మా మేనత్త దగ్గరికి పోయింది, ఆమెకు కాలు విరిగింది. ఆదెప్ప తాత కూడా మేకల్ని కాలువ కిందికి తోలుకుపోయాడు, ఇక్కడ గడ్డి పోచ లేదు కాబట్టి. నాయన తెల్లారకముందే రాళ్లకు పోయి చీకటి పడ్డాక వస్తున్నాడు, అడగడానికి ఎవరూ లేరు. ఉన్నా అడిగేదాన్ని కాదేమో.

శశికి ఫోన్ చేశాను. ఆదివారం పొద్దున రెండు కార్లలో ఎనిమిది మంది దిగారు. చేతులకు గ్లవుజులు, నెత్తిన టోపీలు. జియోకాషింగ్ వాళ్లకు ఒక పద్ధతి ఉంది, వెతకడానికి పోయిన చోట చెత్త ఏరి రావాలి. శశి దాని మీద ఇంకో పద్ధతి పెట్టింది. ఏరే ముందు ప్రతి వస్తువుకీ ఫోటో తియ్యాలి, ఎంత చెత్త తీశామో లెక్క ఉండాలట.

సాయంత్రానికి గోడ బయట కడిగిన పళ్లెంలా తయారైంది. గడ్డి కోశాం, ముళ్ల కంపలు లాగేశాం. తుప్పు పట్టిన పారలు, పిడి లేని కొడవళ్లు, చిల్లులు పడిన దబరలు, కుండ పెంకులు, లాంతరు అడుగులు, బొక్కెన కొక్కేలు. మొత్తం ఆరు గోతాలు. "ఇంత ఇనుము ఇక్కడికి ఎవరు తెచ్చి పడేశారే?" అని శశి ఆశ్చర్యపోయింది. "మావాళ్లకు శుభ్రత తక్కువ" అన్నాను. ఆ మాట ఇప్పటికీ అప్పుడప్పుడూ గుర్తొచ్చి సిగ్గుతో చచ్చిపోతాను.

గోతాలు మూతులు కట్టి చర్చి గోడ పక్కన పెట్టించాను, పాత ఇనుము బండి వచ్చినప్పుడు వేసేద్దామని.

మే ముప్పై ఒకటిన అవ్వ బస్సు దిగింది. బ్యాగు అందుకుందామని ఎదురెళ్లాను. ఆమె చర్చి గోడ దగ్గర ఆగిపోయింది. ఒక గోతంలోంచి పార మొన బయటికి కనిపిస్తోంది. దాన్ని బయటికి లాగి, తిప్పి చూసింది.

"ఇది యాడిది?"

"గోరీల కాడ చెత్త అవ్వా. అంతా ఏరి పారేసినాం. పోయి చూడు, ఎంత నీటుగా ఉండాదో. సర్వేయర్ నోరు తెరుస్తాడు."

అవ్వ నేల మీద కూర్చుంది. గోతం మూతి విప్పి ఒక్కొక్కటీ తీసి పక్కన పెట్టడం మొదలుపెట్టింది. ఒక ఇనుప కడియం లాంటిది చేతిలోకి తీసుకుంది, రోకలి చివర ఉండే పొన్ను.

"ఇది మా అత్తది. ఊరందరి వడ్లు దంచింది. ఈ చిన్న కత్తి రూతమ్మది, కాన్పులు చేస్తాండె. ఈ కొక్కెం దావీదుది, బావుల్లో పడిన బొక్కెన్లు తీస్తాండె."

"అంటే..."

"పేరు రాసేటోళ్లు లేరంటి కదా. ఎవురు దేంతో బతికితే అది తలకాడ పెట్టేది. ఈ పార మీ తాతది." దుమ్ము తుడిచి ఒళ్లో పెట్టుకుంది. "గోడ లోపలివి ఇంగ్లీషులో ఉంటే చదివినావు కదా. ఇవి చదువు మరి."

తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

నాయన ట్రాక్టరు మీద వచ్చాడు. అవ్వ ఒళ్లోని పార చూసి ఇంజను ఆపాడు. "ఇది నేనే పెట్టినా" అన్నాడు. "నా చేత్తోనే." మరునాడు పొద్దున సోలారు పనికి పోలేదు. మేస్త్రీ నాలుగుసార్లు ఫోన్ చేశాడు. నాయన ఆరు గోతాలూ ట్రాలీలో వేసుకుని, "ఎక్కు" అన్నాడు నాతో.

అంతకు ముందే నేను శశికి ఫోన్ చేశాను.

"ఆ ఫోటోలు ఉన్నాయా, డిలీట్ చేశావా?"

"నేనా? ఆరేళ్ల కిందట తిన్న దోసె ఫోటో కూడా ఉంది నా దగ్గర."

"లొకేషన్ ఆన్‌లో ఉండిందా?"

"ఉంది. ఎనభై ఆరు ఫోటోలు, అన్నిటికీ ఉంది. ఏమైందే?"

చెప్పాను. మధ్యాహ్నానికి ఉరవకొండలో బస్సు దిగి ఆటోలో వచ్చింది. వచ్చీ రాగానే అవ్వ కాళ్లకు దండం పెట్టబోతే, "నా కాళ్లేం చేసుకుంటావు గానీ, ఆ కొడవలి ఎత్తు" అంది అవ్వ.

అప్పటిదాకా మేం ఆడింది ఆట. ఇప్పుడు అదే ఆట తిరగేసి ఆడాలి. వస్తువు చేతిలో ఉంది, దాని చోటు వెతకాలి. ఫోను చూపించిన చోటికి పోయి నిలబడితే తెలిసింది అసలు చిక్కు. ఫోను అయిదు మీటర్లు అటూ ఇటూ చెబుతుంది. మావాళ్లు ఒకరి పక్కన ఒకరు అడుగున్నర ఎడంలో పడుకుని ఉన్నారు. ఒక్కో చుక్క చుట్టూ ఏడెనిమిది రాళ్ల కుప్పలు.

ఆదెప్ప తాత కూడా మేకలతో తిరిగొచ్చాడు. సంగతి విని నా వైపు ఒకసారి చూసి, డబ్బా దాచిన గోడకు ఆనుకుని కూర్చుని బీడీ వెలిగించాడు. "తవ్వింది నేను. చెప్పేది నేను."

"నువ్వు తవ్వినావు, తాగి తవ్వినావు" అంది అవ్వ. "నీకేం గుర్తుంటాది?"

"తాగినా తలకాయ పడమటికే పెట్టినా ఒదినా. ఒక్కటి చెప్పు తప్పు పెట్టింది."

"సుందరమ్మది."

"ఆయమ్మ బతికుండినప్పుడూ ఎవురి మాటా ఇనలేదు."

రెండు రోజులు అలా గడిచింది. ఫోను నన్ను ఏడు కుప్పల దాకా తీసుకుపోతుంది, అవ్వా ఆదెప్ప తాతా పోట్లాడుకుని దాన్ని మూడుకు తెస్తారు. ఆ మూడింట్లో ఏదో ఎవరికీ తెలియదు. రెండు రోజులకు ఇరవై రెండు వస్తువులు. ఇంకా అరవై నాలుగు. మిగిలింది మూడు రోజులు. నేను గోడ నీడలో కూర్చుని ఏడ్చాను. శశి పక్కన కూర్చుని నీళ్ల బాటిల్ ఇచ్చింది.

మూడోరోజు పొద్దున అవ్వ తాత పారను తీసుకుని, ఫోను ఊసెత్తకుండా, నేరుగా ఒక కుప్ప దగ్గరికి నడిచింది. తలవైపు పలకరాయికి పారను ఆనించింది. అది కొంచెం జారింది. సరిచేద్దామని వంగాను. రాయి మీద ఎర్రటి మరక ఉంది. మట్టి అనుకుని రుద్దాను, పోలేదు. పారను పైకి జరిపాను. మరక అంచు, పార అంచు ఒకటే. మొన దగ్గర పార కొద్దిగా విరిగి ఉంది. మరక కూడా అక్కడే, అంతే విరిగి ఉంది.

పాతికేళ్లు ఒకే చోట ఆనుకున్న ఇనుము, రాయికి తన తుప్పంతా ఎక్కించి పెట్టింది.

"శశీ!" అని నేను అరిచిన అరుపుకు మేకలు చెదిరిపోయాయి.

ఆ తర్వాత వేగం అందుకుంది. ఫోను సుమారు చోటు చెబుతుంది, అవ్వ పేరు చెబుతుంది, రాయి సాక్ష్యం చెబుతుంది. కొడవలి వంపు కొడవలి వంపులో కూర్చుంది. పొన్ను గుండ్రం గుండ్రంలో కూర్చుంది. చూపు ఆనని ఆదెప్ప తాత బొటనవేలితో రాళ్లు తడిమి, "ఇదిగో, ఈడ గరుగ్గా ఉండాది, తేండి" అనేవాడు. నాయన ట్రాలీ మీదినుంచి ఒక్కొక్కటీ అందిస్తూ, తనకు తెలిసినవి తనే చెప్పడం మొదలుపెట్టాడు. గురువారం సాయంత్రానికి ఎనభై రెండు చేరాయి. నాలుగు మిగిలాయి, అన్నీ కుండ పెంకులే. ఎంత తిరిగినా చోటు దొరకలేదు. ఆ నలుగురికి నేను ఇప్పటికీ బాకీ.

శుక్రవారం ఎనిమిది గంటలకే రవికుమార్ వచ్చాడు, భుజాన కొలతల కర్ర, చేతిలో ట్యాబు. చర్చి జనమంతా ముందే వచ్చి నిలబడ్డారు. కిరాణా కొట్టు హనుమంతప్ప కూడా మజ్జిగ బిందెతో వచ్చాడు.

సర్వేయర్ నాలుగు అడుగులు వేసి ఆగాడు. "ఇవి మొన్న మొన్న పెట్టినట్టుండాయే?"

నేను ముందుకొచ్చాను. "అవును సార్. నేనే తీసేసినా, నేనే మళ్లీ పెట్టినా." జరిగింది మొత్తం చెప్పాను. శశి ఫోటోలు చూపించింది.

"ఫోటోలు ఎవురైనా తీసుకోవచ్చు కదమ్మా" అన్నాడు. కోపంగా కాదు, ఇబ్బందిగా. "నేను ఏమని రాసేది?"

"ఎత్తి చూడప్పా" అంది అవ్వ.

అతను వంగి తాత పారను ఎత్తాడు. రాయిని చూశాడు. పారను చూశాడు. దాన్ని మళ్లీ ఆనించి, విరిగిన మొన మరకలో కుదిరేదాకా కొంచెం కొంచెం జరిపాడు. లేచి ఇంకో వరసలోకి పోయి, ఎవరూ చూపించకుండానే ఒక కొడవలి ఎత్తాడు. తర్వాత ఎక్కడో దూరంగా ఉన్న ఒక దబర. అన్నీ ఎక్కడివక్కడ పెట్టి వెనక్కి వచ్చాడు.

కర్ర నేలకు ఆనించి, ట్యాబు తెరిచాడు. "మొదటిది. పేరు చెప్పవ్వా."

"ఆరోగ్యం. నా మొగుడు. ఈ చుట్టుపక్కల చెరువు కట్టలన్నీ ఆయప్ప ఏసినవే. రాసుకో."

"పేరు ఒక్కటే అవ్వా. మిగతా దానికి గడి లేదు."

"గీసుకో."

జనం గొల్లుమన్నారు. రవికుమార్ కూడా నవ్వాపుకోలేకపోయాడు. 'రిమార్కులు' అని ఒక గడి దొరికింది చివరికి. దాంట్లో నేను టైపు చేస్తూ పోయాను. రూతమ్మ, ఊర్లో సగం మందికి బొడ్డు కోసింది. దావీదు, బొక్కెన్లు తీసేవాడు. ఎద్దు మెడ గంటలున్న గోరీ దగ్గర హనుమంతప్ప బిందె దించి ముందుకొచ్చాడు. "ఆంజిది కదా ఇది? ఈ గంటలు ఆంజి తోలిన మా ఎద్దులవి. ఆంజి పోయిన దినం మా నాయన ఇప్పి ఇచ్చినాడు. రాసుకో సార్, నేను సాక్షి."

ఎండ నెత్తికెక్కింది. ఎవరూ కదల్లేదు. ఎవరి మనిషి వంతు వస్తే వాళ్లు ముందుకొచ్చి గట్టిగా పేరు చెబుతున్నారు. బడిలో హాజరు పలికినట్టు. సామాను లేనివీ, పేరు తెలియనివీ కుప్పను చూసి లెక్కలో వేసుకున్నాడు. పన్నెండున్నరకు నూట పన్నెండు.

రవికుమార్ కండువాతో మొహం తుడుచుకున్నాడు. "గోడ లోపలా బయటా కలిపి ఒకటే నంబరు. ఎకరా అరవై సెంట్లు. శ్మశానం." మీట నొక్కాడు. జులైలో వచ్చిన కాగితంలోనూ అక్షరాలా అదే ఉంది.

ఒక్కసారిగా చప్పట్లు. ఎవరో పాట ఎత్తుకున్నారు. ఆదెప్ప తాత శశి చెయ్యి పట్టుకుని గిర్రున తిప్పాడు. సోలారు వాళ్లు అప్పటికే వేరే ట్రాక్టరు పెట్టుకున్నారు. ఆ సంగతి తెలిసీ నాయన హనుమంతప్ప బిందెలోంచి మూడు గ్లాసులు మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని, నన్ను చూసి నవ్వాడు. ఆ ఎండాకాలంలో మా నాయన నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

సర్వేయర్ కర్ర మడవబోతున్నాడు.

"ఉండప్పా. ఇంగొకటి ఉండాది" అంది అవ్వ.

తాత గోరీ పక్కన నిలబడింది. అక్కడ కుప్ప లేదు, రాయి లేదు. చదునైన ఎర్ర నేల.

"ఈడ ఎవురుండారు అవ్వా?"

"ఎవురూ లేరు. కొలుచుకో."

"ఖాళీ జాగాకు పాయింటు తీసుకోకూడదవ్వా."

అవ్వ నెత్తిన ఎండకు కప్పుకున్న తువ్వాల తీసింది. ఒకసారి దులిపింది. కణేకల్ బస్సు ఆగీ ఆగకముందే కిటికీలోంచి సీటు మీదికి విసిరినట్టు, ఆ నేల మీదికి విసిరింది.

"ఇప్పుడు ఖాళీ లేదులే. తీసుకో."

రవికుమార్ తువ్వాలను చూశాడు, అవ్వను చూశాడు. మడవబోయిన కర్రను మళ్లీ సాగదీసి, నిటారుగా పట్టుకోమని నా చేతికిచ్చాడు.